గోదాంలో కబడ్డీ

మా ఊరి డ్రిల్లు సారు పోయిన సోమవారం చనిపోయారు. ఆ కబురు నాకు దమ్మపేట బస్సులో తెలిసింది. కండక్టరు కూడా ఆయన దగ్గర కబడ్డీ నేర్చుకున్నవాడే. టికెట్ చేతికిచ్చి, "సారు పోయిండన్నా" అని, వెనక సీట్ల వైపు వెళ్ళిపోయాడు.

సారు మా బడికి వచ్చేనాటికి ఊరి చివర బీడీ ఆకు గోదాం ఖాళీగా ఉండేది. ఆకు వ్యాపారం వేరే ఊరికి మారాక అది పంచాయతీ చేతికొచ్చింది. ఇటుక గోడలు, పైన రేకులు. వానాకాలం మా వైపు ఆడటానికి ఆరిన నేల దొరకదు. సారు అందులో ఇసుక, ఊక పోయించి సున్నంతో గీతలు గీశారు. బడి వదిలాక గూడెం ఆడపిల్లలు అక్కడే ఆడేవాళ్ళు. ఆటకు ముందు సారు అందరి చేతులూ చూసేవారు. "గోర్లున్నోళ్లు గీత దాటొద్దు" అనేవారు. బ్లేడు ముక్క ఆయన జేబులోనే ఉండేది.

ఎనభైల్లో పంచాయతీ ఆ గోదాం కూల్చి దుకాణాలు కట్టాలనుకుంది. సారు ఇల్లిల్లూ తిరిగి మద్దతు అడిగారు. చాలామంది మంచినీళ్ళిచ్చి పంపేశారు. మా మేనత్త మాత్రం ముఖం మీదే అనేసింది.

"పెండ్లాం పిల్లలు లేరు గద సారూ, గందుకే ఆ రేకుల మీద గంత ప్రేమ."

"ఉన్నోళ్ల పిల్లల కోసమే తిరుగుతున్ననమ్మా. రేపు నీ బిడ్డను ఆటకు పంపు" అన్నారు సారు. పంపింది.

అలా ఒక్కొక్కరే సారు వైపు వచ్చారు. అప్పుడు ఊరి పెద్దలకొక ఉపాయం తోచింది. లోపల ముత్యాలమ్మను నిలబెడితే గోడ మీద ఎవరూ గడ్డపార వెయ్యరు. సారు ఒక్కరే వద్దన్నారు.

"అమ్మవారొస్తే గోడలు మిగుల్తయ్. ఆట మిగలదు."

ముందు గోదాం దక్కనివ్వమని, ఆట సంగతి తర్వాత చూద్దామని ఆయనకు సర్దిచెప్పారు. ఆదివారం రాయి తెచ్చి, పసుపు పూసి, కోడిని కోశారు. పంచాయతీ వెనక్కి తగ్గింది. ఊరంతా గెలిచామనుకుంది.

తర్వాత ఊక ఎత్తిపోసి గచ్చు చేశారు. అమ్మవారి ముందు కాళ్ళు పట్టి లాగే ఆటేమిటన్నారు. ముట్టు రోజుల్లో ఆడపిల్లలు గడప తొక్కకూడదన్నారు. గూడెం పిల్లలు రావడం మానేశారు. సారు ఎవరితోనూ తగువు పడలేదు. వాన సాయంత్రాలు బడి వరండాలో ఒక్కరే కూర్చునేవారు. పలకరిస్తే, వాన తగ్గినంక పోతాననేవారు. తగ్గినా అక్కడే ఉండేవారు.

ఆయనకు కొరివి పెట్టడానికి అన్న కొడుకు వచ్చాడు. గూడెం నుంచి అప్పట్లో ఆడినవాళ్ళు కొందరు మనవల్ని చంకనేసుకుని వచ్చి పాడె వెనక నడిచారు. శ్మశానం దారి ఆ గోదాం ముందు నుంచే. శవం దాటేదాకా గుడి తెరిచి ఉంచరు కదా. పాడె మలుపు తిరగడం చూసి పూజారి రెండు తలుపులూ దగ్గరికి లాగి లోపల గడియ పెట్టుకున్నాడు. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. ఆ చూరు కిందికి ఆడవాళ్ళెవరూ వెళ్ళలేదు. కొంగులు పిల్లల తలల మీద కప్పి, తడుస్తూ ముందుకు నడిచారు.