గొట్టానికి పూసిన చందనం

ఈ పొద్దున తపాలా సంచులతో మా రెండింజన్ల చిన్న విమానాన్ని పుదుచ్చేరి మైదానం నుంచి లేపాను. మార్గళి నెల వాన. కాలాపేట దాటకముందే మబ్బు చుట్టేసి రెక్క కొస కూడా కనబడలేదు. మబ్బులో ఒళ్లు చెప్పేది నమ్మొద్దు, ఎదురుగా ఉన్న డయళ్ల ముళ్లనే నమ్మాలని నాకు నేర్పారు. నమ్మాను. అంతలో వేగం చూపే ముల్లు సున్నాకి పడిపోయింది. వేగం లేక కూలిపోతున్నాననుకుని ముక్కు కిందికి వంచాను. మబ్బు తెగేసరికి సముద్రం చక్రాల కిందే ఉంది. ఎలాగో పైకి లాగి, వెనక్కి తిప్పుకొచ్చి దించాను.

రెక్క కింద, గాలి తాకిడితో వేగం తెలిపే సన్నటి గొట్టం ఒకటుంటుంది. దిగి చూస్తే దాని నోటినిండా చందనం, నానిన బంతిరేకులు.

మైదానం పక్కనే ఉన్న మా ఇంట్లోంచి, నన్ను పెంచిన పిన్ని గొడుగుతో పరుగున వచ్చింది.

“ఏందిరా అట్ల చూస్తావు? నువ్వు లోపల కూచున్నంక దానికి నేనే చందనం పూసి పూవు పెట్టినా. సామి లేకుంటే ఈ వానలో యాడ తిరిగొస్తావు నువ్వు?”

“అవును పిన్నీ,” అన్నాను.

ఆ చందనమే కరిగి లోపలికి పోయి ముల్లును పడేసిందని చెబితే ఆమె బతకదు. ఇప్పుడు వంటింట్లో రేపటికి మళ్లీ అరగదీస్తోంది. గొట్టమైతే తుడుచుకుంటాను, ఆమె ముఖం ఎలా చూడాలో తెలియడం లేదు. మీరైతే చెప్పేవారా?

ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే ఊపిరాడదని ఇది రాశాను. పిన్నికి చదవడం రాదు. దయచేసి ఎవరూ చదివి వినిపించకండి.