నత్తచెవి చిత్రకారుడు

ఇర్మ్‌ట్రౌట్ అమ్మమ్మ ఎదుట ఎవరు కూర్చున్నా ఆవిడ మొదట చూసేది మొహం కాదు, చెవి. తాతయ్య ఫోల్క్‌మార్‌ను కూడా చెవి నచ్చే పెళ్లి చేసుకుందని ఇంట్లో ఏడిపిస్తారు. ఆవిడ కాదనదు.

ఉద్యోగమంతా యూనివర్సిటీ మ్యూజియం నేలమాళిగలో ప్రాచీన గ్రీకు కుండపెంకుల మధ్యే గడిచింది. ఆ కాలంలో కుండల మీద బొమ్మలు వేసినవాళ్లలో పేరు రాసుకున్నవాళ్లు తక్కువ. చెవి ఎలా తిప్పాడో, మడమ ఎలా దించాడో చూసి, ఫలానా రెండు కుండలూ ఒకడి పనేనని తేల్చాలి. అలా తేల్చి ఇద్దరికి ఆవిడే పేర్లు పెట్టింది. చెవిని ఒక్క గీతలో నత్తగుల్లలా చుట్టేవాడు నత్తచెవి చిత్రకారుడు. వాడంటే ప్రాణం. వంకర గీతలు గీసి, మడమలు సగంలో వదిలేసేవాడు బద్ధకం చిత్రకారుడు. వాణ్ణి తన పుస్తకంలో పేజీ నిండా తిట్టింది. తాతయ్యకు కూడా అన్ని తిట్లు పడలేదు.

రిటైరైనా మంగళవారాలు మ్యూజియానికి వెళ్లడం మానలేదు. ఒక మంగళవారం, పెంకులు అతికించే డెట్లెఫ్ చేతిలో చిన్న ముక్క కనిపించింది. వేరే మ్యూజియం పెట్టెలో దొరికిందట. దాని మీద వేణువూదేవాడి తల, ఆ తలకు నత్తచెవి. ఇక్కడున్న బద్ధకం వాడి గిన్నె మీద, తల ముక్క ఊడిపోయిన వేణువూదేవాడు ఒకడు ఏళ్లుగా అలాగే ఉన్నాడు. ఈ తల ఆ మెడకు అతికిందంటే ఇద్దరూ ఒకడేనన్నమాట, అమ్మమ్మ పుస్తకం తప్పన్నమాట.

"ప్రొఫెసర్ గారూ, కాఫీ తాగాక చూద్దామా?"

"నాకేం గుండెజబ్బు లేదు. పెట్టు."

విరిగిన అంచులు రెండూ చక్కగా కలిసిపోయాయి. అమ్మమ్మ భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. చెవి గీత సగం దాకా హాయిగా తిరిగి, అక్కడి నుంచి వణికింది.

"వీడు బద్ధకస్తుడు కాదు డెట్లెఫ్. ముసలాడయ్యాడు."

"మరి పుస్తకంలో తిట్లు?"

"తప్పయిందని రాస్తాను. చెయ్యి వణుకుతున్నా మానలేదు చూడు, వెధవ." ఆ చివరి మాట ముద్దుగానే అంది.

గిన్నె పక్కన పెట్టే కొత్త చీటీ తను రాస్తానన్నాడు డెట్లెఫ్. ఆవిడ ఇవ్వలేదు. 'నత్తచెవి చిత్రకారుడు, ముసలితనంలో' అని తనే రాసింది.

ఆదివారం మనవరాలు వెళ్లి ఆ చీటీ చూసి వచ్చింది. ఆ వంకర అక్షరాలు బద్ధకం చిత్రకారుడివిలా ఉన్నాయని కాఫీ దగ్గర అందరి ముందూ అంది. అమ్మమ్మ మీగడ గిన్నెను రెండు చేతులా పట్టుకుని నవ్వింది. మనవరాలి ఆల్‌బుఖారా పళ్ల కేకు మీద ఇంకో చెంచా మీగడ వేసింది, అందులో కొంత బల్ల మీద పడింది.