బర్నబా బండి అద్దం

పదహారేళ్ళుగా అదురులోనే బతుకుతున్న మనిషి బర్నబా. పటాన్‌చెరు దగ్గర ఒక ఫోర్జింగ్ కంపెనీలో పెద్ద హ్యామర్ మీద అతని పని. ఎర్రగా కాలిన ఇనుప ముద్దను పట్టకారుతో పట్టి కింద పెడితే, హ్యామర్ పడ్డ ప్రతిసారీ షెడ్డు రేకులు ఎగిరిపడేవి. అంతటివాణ్ణి మోటర్‌సైకిల్ అద్దం ఒకటి మూడు వారాలు ముప్పుతిప్పలు పెట్టింది.

ఆ హ్యామర్ షాపులో మాటలకు చోటులేదు. రెండు వేళ్ళెత్తితే రెండు దెబ్బలు, పిడికిలి బిగిస్తే ఆపు, బొటనవేలు నోటి దగ్గర పెడితే చాయ్. ఆ సైగల్లో బర్నబాది అందెవేసిన చెయ్యి. పొద్దంతా ఒక్క మాట వినకుండా, ఒక్క మాట అనకుండా డ్యూటీ చేసి వచ్చేవాడు.

భార్య దయావతి పటాన్‌చెరులో ఒక చిన్న బడిలో టీచరు. పొద్దున లక్డారం నుంచి ఇద్దరూ బర్నబా పాత బండి మీదే పోయేవాళ్ళు. సాయంత్రాలు ఆమెకు ట్యూషన్ పిల్లలు, అతనికి ఓవర్‌టైము. కాబట్టి మొగుడూపెళ్ళాలకు దొరికేది ఆ అరగంటే. పెళ్ళైన కొత్తలో దారి పొడుగునా ఆమె నోరు మూతపడేది కాదు. అలాంటిది రెండేళ్ళ నుంచి బండెక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. తను చేసిన తప్పేమిటో బర్నబాకు అంతుపట్టలేదు. అడగబోతే ఏం బయటపడుతుందో అని అడగనూ లేదు.

తొంభై ఏడు వానాకాలంలో ముత్తంగి దగ్గర ఒక లారీ వాళ్ళను రాసుకుంటూ పోయింది. దయావతి చెంగు లారీ కొక్కేనికి తగులుకుని చిరిగింది. బండి ఆగాక, అంతసేపు హారన్ కొడుతుంటే పక్కకెందుకు తియ్యలేదని ఆమె ఎదురుకొచ్చి అడిగింది. హారన్ సంగతే బర్నబాకు తెలియదు. ధ్యాస ఎక్కడో పెట్టుకుని నడిపానేమో అనుకుని సిగ్గుపడి, నెపం అద్దం మీదికి నెట్టాడు. అద్దం అదురుతోంది, వెనక ఏదీ కనపడదు అన్నాడు. అది అబద్ధమూ కాదు.

"అద్దం నిలబడేదాంక నేను బస్సులనే పోత" అంది దయావతి.

ఆ అరగంట కూడా పోయింది. బర్నబాకు అన్నం సయించలేదు.

కంపెనీ అతనికి నేర్పిన విద్య ఒక్కటే, అదిరేదాన్ని బిగించమని. పానా తెచ్చి అద్దాల నట్లు బిగించాడు. ఇంకా అదిరితే ఇంకా బిగించాడు. చివరికి మరలే అరిగిపోయి ఎడమ అద్దం లోపలికి వంగి కూర్చుంది. అప్పుడు వెళ్ళి మెకానిక్ చిన్నరాములు ముందు బండి నిలబెట్టాడు.

చిన్నరాములు నవ్వి, దీనికి కావలసింది బిగువు కాదు, మెత్తన అన్నాడు. సైకిల్ ట్యూబు కోసి కాడల కింద రబ్బరు బిళ్ళలు వేశాడు. అద్దాల వెనక తలా ఒక సీసం ముక్క అతికించాడు. రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెచ్చి, అద్దంలో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు అన్నాడు. బర్నబా ఎక్కి కొంతదూరం పోయాడో లేదో, అద్దంలో లారీలు రెండేసి, మూడేసి కనిపించాయి. వెనక్కి తెచ్చాడు. చిన్నరాములు మళ్ళీ నడిపి చూశాడు. అద్దం కదలలేదు. బర్నబా నడిపితే అదిరింది. అదే బండి, అదే రోడ్డు. నాలుగు రోజులు ఇదే తంతు. బండికి తనంటే గిట్టదా, ఒంట్లోనే ఏదైనా అదురు దూరిందా అని బర్నబాకు బుర్ర తిరిగిపోయింది. ఎవరితోనూ చెప్పలేక రాత్రి ప్రార్థనలో అద్దం సంగతి కూడా కలిపాడు.

ఐదో రోజు చిన్నరాములు పంతం పట్టి వెనక ఎక్కి కూర్చున్నాడు. కొంతదూరం పోయాక భుజం పట్టి కుదిపి, చెవిలో నోరు పెట్టి అరిచాడు.

"గేరు మార్చవేందన్నా? ఇంజన్ గంత ఒర్లుతుంటే నీకు ఇనబడ్తలేదా?"

బర్నబా ఉలిక్కిపడి గేరు మార్చాడు. మళ్ళీ మార్చాడు. అద్దం టక్కున నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ రెండో గేరులోనే బండిని చంపుతున్నాడని తేలింది. స్పీడు చూపే కాటా ముప్పై దాటగానే టాప్ గేరు వెయ్యమని చిన్నరాములు లెక్క చెప్పాడు. ఒకప్పుడు ఇంజన్ మోత వింటూ చెయ్యీ కాలూ వాటంతటవే చేసిన పనికి ఇప్పుడు కాటా చూడాల్సి రావడమేమిటని బర్నబాకు తోచలేదు. అద్దం నిలబడింది, దయావతి బండెక్కుతుంది, అంతే చాలనుకున్నాడు.

సోమవారం ఆమె ఎక్కింది. బర్నబా కాటా చూసి టాప్ వేశాడు. కుడి అద్దంలో రోడ్డు, దాని మీద దూరంగా ఒకే ఒక లారీ, నంబరు సహా కనిపించాయి. ప్రాణం లేచొచ్చింది. తర్వాత, వంగినది వంగినట్టే వదిలేసిన ఎడమ అద్దంలోకి చూశాడు.

అందులో దయావతి మొహం ఉంది. ఆమె పెదాలు కదులుతున్నాయి.

పాట పాడుతోందేమో అనుకున్నాడు. కానీ ఆమె చెయ్యి తిప్పుతూ, కనుబొమలెగరేస్తూ, అతని చెవి వైపు వంగి ఏదో చెబుతోంది. బర్నబా ఊపిరి బిగబట్టి విన్నాడు. ఒక్క ముక్క చెవిన పడలేదు. బండి కల్వర్టు పక్కకు తీసి ఆపాడు.

"ఏమంటున్నవ్?"

దయావతి తెల్లబోయింది. "ఇయ్యాల తల కూడ ఊపుతలేవు. ఇనడం బంద్ చేసినవేమో అనుకున్న" అంది.

"నేనెప్పుడు ఊపిన?"

"రోజూ ఊపుతవ్ గద. నేను చెప్తుంటే అవునవునని ఊపుతనే ఉంటవ్."

బండి అదురుకు ఊగిన తలకాయ అది. లారీ హారన్, ఇంజన్ మోత, రెండేళ్ళ ఆమె మౌనం అన్నీ ఒక్కసారి అతని ముందుకు వచ్చి నిలబడ్డాయి. మౌనం పట్టింది ఆమె కాదు. బర్నబా అక్కడే కల్వర్టు మీద కూలబడ్డాడు.

"నాకు ఇనబడ్తలేదే" అన్నాడు.

ఆమెకు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. ఇన్నాళ్ళూ ఏం చెప్పావని అతను అడిగాడు.

దయావతి వచ్చి సరిగ్గా అతని ఎదురుగా నిలబడింది. మాట మాట విడదీసి చెప్పింది.

"ఆ హ్యామర్ షాపు ఇడిసిపెట్టు, చెవులు పోతయని రెండేండ్ల సంది చెప్తున్న. రోజూ సరే అన్నవ్."