జవాబుకి చోటు

రేడియోలో మాట్లాడే ఆ అమ్మాయి మైకు ముందు "బాగున్నారా?" అని అడిగి కాసేపు ఊరుకునేది. ఆ ఖాళీని ఎడిటర్ విసుక్కుంటూ రోజూ కత్తిరించేవాడు.

రాయ్‌పూర్‌లో, పండరీ బట్టల బజారు మీది గదిలో నడిచే ఆ రేడియో, తెలుగు సరిహద్దు అడవి పల్లెల యువతకు శాంతి మాటలు వినిపించేది. దాని పనితీరు అంచనా వేయడానికి వెళ్లాను. ఎందుకలా ఆగుతావని అడిగాను.

"జవాబ్ చెప్పనియ్యాలె కద మేడమ్. మా అన్న అడవిలకు పోయి మళ్ల రాలే. విన్నా ఫోన్ చెయ్యలేడు."

నిధులు ఆగిపోయి రేడియో మూతపడే రోజు ఆమె చివరిసారి అడిగింది.

"బాగున్నవా అన్నా?"

చాలాసేపు ఆగింది. కింద బజారు చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

ఆ రోజు ఎడిటర్ ఏమీ కత్తిరించలేదు.