చేతులెత్తి నిలబడే మనిషి

బొగ్గుబావిలోకి దిగేముందు కార్మికులు చేతులెత్తి నిలబడితే, బీడీ, అగ్గిపెట్టె ఉన్నాయేమోనని కాపలావాళ్లు జేబులు తడిమి చూస్తారు. ఆ బావిలోనే పనిచేసే మా చెల్లి భర్త మా గడపలోనూ అలాగే నిలబడేవాడు. తాతలనాటి దొరల గడి కూలినా పరువు మిగిలిన ఇల్లు మాది. గంజాయి తాగేవాణ్ణి నమ్మను; వచ్చినప్పుడల్లా జేబులు వెతికేవాణ్ణి. అలిగి వచ్చిన చెల్లిని తీసుకెళ్లడానికి వచ్చిననాడూ చేతులెత్తాడు. వెతికాను. ఏమీ దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది.

“నిజంగ బందు పెట్టినవా?”

“పెట్టిన బావా. కానీ గంజాయి పోయి అతుక్కునే జాగలు మెదడుల పుట్టుకతోనే ఉంటయట, డాక్టర్ సాబ్ చెప్పిండు. సారా మీదికి మనసు గుంజుడుకు గూడ అవి కారణమట. జేబులు చూసినవు, తలకాయ ఎట్ల చూస్తవు? నా మీద నాకే నమ్మకం లేదు” అన్నాడు, చేతులు దించకుండానే.

ఇదీ ఒక ఎత్తుగడేనేమో అనుకున్నాను. ఈలోగా చెల్లి సంచితో బయటికొచ్చింది.

“చేతులు దించుండ్రి, పోదాం” అన్నది అతనితో.