ముందుగది ఎవరిది?

మా తోడికోడల్ని ఇంట్లో అందరూ గళ్ళ కోడలంటారు. ఏ సంగతి తేల్చాలన్నా ఆవిడ గళ్ళు గీసి మార్కులు వెయ్యాల్సిందే. గడియారాలు బాగుచేసే తండ్రి దగ్గర పనితో పాటే ఆ పద్ధతీ నేర్చుకుందట. మా మరిది కొనాల్సిన బండి, అత్తగారి కంటి ఆపరేషనుకి వెళ్ళాల్సిన ఆసుపత్రి, అన్నీ ఆ గళ్ళలోనే తేలాయి. పెద్దకోడల్ని నేనుండగా ఇంటిల్లిపాదీ ఆవిడ చుట్టూ చేరుతుంటే నాకు ఒళ్ళు మండేది. దాచడం దేనికి, ఇప్పటికీ మండుతోంది.

వీధివైపు గది ఖాళీ అయింది. నా కుట్టుమిషనుకి అదే కావాలి, ఆవిడ గడియారాల బల్లకీ అదే కావాలి. వీధిలోకి కనబడితేనే కదా బేరాలు.

"గీద్దాం అక్కా," అంది. నేను బట్టలు కత్తిరించే బల్ల మీదే, నా సుద్దముక్కతోనే గీసింది. ఏది ఎంత ముఖ్యమో ఒకరు చెప్పాలి, మార్కులు రెండోవాళ్ళు వెయ్యాలి. అది వాళ్ళ పుట్టింటి రివాజు. అలాగైతే ఎవరూ తొండి ఆడలేరట. చెప్పే వంతు నాకిచ్చింది.

"వెలుతురుకి అన్నిటికన్నా ఎక్కువ. తర్వాత చోటు," అన్నాను. మార్కులన్నీ తనకే వేసుకుంటుంది, అప్పుడు నలుగురిలో కడిగేద్దామని కాచుక్కూర్చున్నాను.

వెలుతురు గడిలో నాకు తొమ్మిది, తనకి ఐదు వేసింది.

"అదేంటి, నీవి అంతంత చిన్న మరలు కదా?" అన్నాను ఉండబట్టలేక.

"నాకు దీపం దగ్గరికి లాక్కుంటే చాలక్కా. దారం రంగు పగటి వెలుతుర్లోనే తెలుస్తుంది. చోటు కూడా నీకే ఎక్కువ కావాలి."

కూడితే గది నాదే. మా ఆయన మాత్రం, "ఎంత న్యాయంగా వేశావమ్మా" అని ఆవిడనే మెచ్చుకున్నాడు. గెలిచింది నేను, మెప్పు ఆవిడకి. తొండి ఆడినా బాగుండేది, తిట్టుకోవడానికి ఓ సాకు దొరికేది.

వీధిగుమ్మానికి ఎదురుగా మిషను వేసుకుని దర్జాగా కూర్చున్నాను. ఆవిడ వెనకగదిలో సర్దుకుంది. ఆ గదికి దారి నా గదిలోంచే. దానికీ ఒక గడి ఉండాలని నాకు తట్టలేదు.

"గడియారాలావిడ లేదామ్మా?" అంటూ పొద్దున్నే ఒకాయన గోడగడియారం చంకన పెట్టుకొచ్చాడు. "లోపలుంది, వెళ్ళండి," అన్నాను. ఆయన వెనకే ఇంకొకరు. ఇప్పుడైతే ఎవరు గుమ్మమెక్కినా తలెత్తకుండానే చెప్పేస్తున్నాను.

నిన్న ఒకావిడ మాత్రం లోపలికి పోకుండా నా ముందే ఆగింది. ప్రాణం లేచొచ్చి, కొలతలకి టేపు అందుకున్నాను.

"మీరు ఆవిడ దగ్గర పనిచేస్తారా?" అంది.