ఏటి అవతలి సైడు

'సైడ్' అన్న ఆంగ్లపదానికి అర్థాలను, పర్యాయపదాలను వరుస తప్పకుండా వ్రాసుకొన్న నోటుపుస్తకం ఒకటి నా వద్ద ఉండేది. ఉద్యోగమున్నన్నాళ్ళూ పదవ తరగతికి దానిలో నుంచే పాఠం చెప్పాను. ఈ మధ్య ఒక పాత శిష్యుడు అచ్చు వేయిస్తానని దానిని తీసుకొనిపోయాడు. ఆ పుటలు నిర్దోషమైనవని చదివేవారు నమ్మే ప్రమాదం ఉన్నది. ఆ పదాన్ని అంత శ్రద్ధగా బోధించిన నేనే ఒక బాలిక చదువును దాదాపు ఆపివేశాను. ఆ సంగతి కూడా అచ్చులో ఉండాలి. ఈ కొద్ది వాక్యాలు వ్రాయడానికే మూడుసార్లు లేచి ప్రొద్దుటూరులోని మా వీధి చివరిదాకా నడిచివచ్చాను.

నా పట్టికలో మొదటి అర్థం ప్రక్క. తరువాత వైపు, అంచు, గట్టు, ఆటలో జట్టు, వాదంలో పక్షం. ఒక్కొక్కదానికి ఎదురుగా దాని ఆంగ్ల పర్యాయపదాలు: బల్లకు ఎడ్జ్, నదికి బ్యాంక్, సైన్యానికి ఫ్లాంక్, పక్షానికి పార్టీ. ఒకదాని చోట మరొకటి వాడితే బెత్తం తీసేవాణ్ణి. నిజానికి పిల్లలకు ఆ మాట నేను నేర్పనక్కరలేదు. బస్సులో కండక్టరు "సైడుకు జరగండప్పా" అని అరుస్తాడు. జమ్మలమడుగు చుట్టుప్రక్కల ఊళ్ళలో ఆ సంవత్సరాలలో కొత్త మనిషి బస్సు దిగితే పేరు కంటే ముందు "యా సైడోడు?" అని అడిగేవారు. ముఠా తగాదాలతో ఊళ్ళు రెండు పార్టీలుగా చీలి, పార్టీకొకటి చొప్పున టీ అంగళ్ళు రెండు, మంగలి అంగళ్ళు రెండు ఉండేవి. తరగతిలో పిల్లలు సైతం తండ్రుల పార్టీలను బట్టి బెంచీలు పంచుకొంటే, హాజరుపట్టీ వరుసలో కూర్చోబెట్టి, నా గదిలో సైడ్లు లేవని గర్వపడ్డాను.

ఆ ఏడు మా బడికి పరీక్షా కేంద్రం పెన్న అవతలి ఊళ్ళో పడింది. అది రెండవ పార్టీవారి ఊరు. మా తరగతిలో అందరికంటే బాగా చదివే అమ్మాయి తండ్రి మా ఊళ్ళో మొదటి పార్టీ నాయకుని వెంట తిరిగే మనిషి. కేంద్రం మార్చమని దరఖాస్తు పెట్టుకొనే వీలున్నది. ఆ ఫారం నా చేతికే వచ్చింది. అందులో 'కారణం' అన్న గడి ఉన్నది. అనారోగ్యం, బదిలీ వంటివి వ్రాయవచ్చు. ఊరి తగాదా ప్రభుత్వపు కాగితంలో వ్రాయదగిన కారణం కాదని నేను నిర్ణయించాను. దారి కష్టమని వ్రాస్తే సరిపోయేది. అది అర్ధసత్యమనిపించి, ఫారాన్ని బీరువాలో పెట్టాను. గడువు దాటిపోయింది.

పరీక్షలకు నాలుగు రోజుల ముందు అమ్మాయి బడికి రావడం మానింది. వాళ్ళింటికి పోయాను. తండ్రి అరుగు మీద కూర్చొని ఉన్నాడు.

"పాపను పులివెందులకు అంపుతాండా సార్, వాల్ల మామ ఇంటికి. సదివింది సాలు."

"పరీక్ష వ్రాయకుండానా? అక్కడ పోలీసు బందోబస్తు ఉంటుంది."

"పోలీసోల్లు బడి గేటు కాడుంటారు సార్. ఏట్లో ఎవురుంటారు?"

"నేనుంటాను."

అతడు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "మీరు యా సైడు సార్?"

"నేను ఏ సైడూ కాదు."

"అదే సార్ కత. యా సైడూ కాకపోతే మీ మాట ఎవురింటారు? మేమూ ఇనం, వాల్లూ ఇనరు."

లోపల అమ్మాయి గోడకు ఆనుకొని నిలబడి, చేతిలో హాల్‌టికెట్టును చుట్ట చుడుతూ, మళ్ళీ విప్పుతూ ఉన్నది.

అప్పుడే గొర్రెలు కాచే ఒక పెద్దామె వాకిట్లోకి వచ్చింది. ఆ వారం ఆమె మంద రాత్రిళ్ళు ఈ తండ్రి చేనిలోనే నిలిచేది. ఎరువు కోసం రెండు పార్టీలవారూ ఆమె మందను వంతులవారీగా తమ చేలలో నిలుపుకొనేవారు. సంగతి విని ఆమె నవ్వింది.

"దీనికేనా అప్పా ఇంత యోచన? పొద్దున్నే మందను ఏటి అవతలికి తోలుకోని పోతాండా గదా. పాప నా పక్కన వస్తాది."

"వాల్లు ఏమన్నా అంటే అత్తా?"

"అననీ! వచ్చే యేడు వాల్ల చేన్లో నా గొర్రె ఒక్కటి పండుకోదు. అంగట్లో మూటెరువు కొనుక్కోమను, తెలుస్తాది."

చివరకు తండ్రి "సరే" అన్నాడు, నాతో కాదు, ఆమెతో.

మొదటి పరీక్షనాడు తెల్లవారగానే బయలుదేరాము. ఏటిలో నీరు లేదు, ఇసుక. ముందు ఆమె, మంద మధ్యలో అమ్మాయి, వెనుక చేతిగడియారం చూసుకొంటూ నేను. తొమ్మిదిన్నరకు పరీక్ష. గొర్రెలకు ఆ సంగతి తెలియదు. ఒక్కొక్కటి ఒక్కొక్క తుప్ప దగ్గర ఆగేది. "త్వరగా తోలమ్మా" అని నేను పదేపదే అంటుంటే, "అయివారా, ఇవి నీ పిల్లోల్లు కాదు, బెదిరిస్తే ఇంగా నిలబడతాయి" అన్నది. అమ్మాయి మొదటిసారి నవ్వి, "సార్, ఈ వాసనకు నన్ను హాల్లోకి రానిస్తారా?" అని అడిగింది.

అవతలి గట్టు ఎక్కే ఇరుకుదారిలో ఒక జీపు అడ్డంగా నిలబడి ఉన్నది. లోపల నలుగురు మగవాళ్ళు. వారి చూపు మంద మీద లేదు, మధ్యలో ఉన్న పిల్ల మీద ఉన్నది. నేను ముప్పై గజాల వెనుకనే నిలబడిపోయాను. పెద్దామె ఆగలేదు.

జీపులో ఒకడు అడిగాడు: "ఏందవ్వా, గొర్రెలు పరీచ్చ రాస్తాండాయా?"

"మీకన్నా బాగా రాస్తాయిలేరా. సైడియ్యండి, పొద్దెక్కుతాంది."

ఎవరూ కదలలేదు. ఆమె కర్రతో జీపు బానెట్ మీద తట్టింది. "ఎనిక్కి తీయరా. పోయిన నెలంతా మీ నాయన చేన్లోనే గదరా నా మంద నిలిచింది."

నడిపేవాడు తక్కినవారి ముఖాలు చూసి జీపును వెనక్కు తీశాడు. మంద సాగింది, దానితో పాటు అమ్మాయీ సాగింది. గంట కొట్టే వేళకు అమ్మాయి తన బల్ల దగ్గర ఉన్నది. అన్ని పరీక్షలూ అలాగే వ్రాసింది, ఉత్తీర్ణురాలయింది, ప్రొద్దుటూరులో ఇంటర్మీడియట్‌లో చేరింది.

అన్ని రోజులూ నేను వెంట నడిచాను. కానీ ఒక్కనాడు కూడా ఆ అమ్మాయి ప్రక్కన నడవలేదు. ఇప్పటికీ ఇసుక కనిపిస్తే వెనుకబడి నడుస్తున్నట్లే ఉంటుంది.

ఒక విషయం నాకు స్థిరపడలేదు. ఆ తండ్రి ఇంటికి నేను వెళ్ళేనాటికి దరఖాస్తు గడువు దాటిందనే ఇంతకాలం నమ్మాను. పైన అలాగే వ్రాశాను. మొన్న నాతో పనిచేసిన ఒక ఉపాధ్యాయుడు, ఆనాటికి గడువు ఇంకా రెండు రోజులు ఉండెనని, తాను నాకు గుర్తు చేశానని చెప్పాడు. అది నిజమైతే నా తప్పు నేను వ్రాసినదానికంటే పెద్దది. ఆ ఏటి ఫారాలు చూసినవారు, ఆ తరగతిలో చదివినవారు ఎవరైనా దీనిని చదివితే, ముఖ్యంగా ఆ అమ్మాయే చదివితే, తేదీని సరిదిద్ది తెలియజేయవలసినదిగా కోరుతున్నాను. పదాల పట్టికలో తప్పులుంటే అవి తరువాత చూడవచ్చు.